ఎనిమిదియా, బీయా?

తెరమీద కనబడుచున్న ఆ గుర్తు ఎనిమిదియా, లేక ఇంగ్లీషు బీ యక్షరమా యన్న ధర్మసందేహము కొన్ని దినములుగా నా నిద్రాహారములను హరించుచున్నది. ఇదియు నొక చింతయేనా యని నవ్వువారు 8085 మైక్రోప్రాసెసరునకు యంత్రభాషలో ఒక్క పంక్తియైనను వ్రాసి యెరుగరు. ఆ చిప్పునకు బీ8 అని చెప్పితిమా, అది అక్యుములేటరులోని సంఖ్యను బీ రిజిస్టరులోని సంఖ్యతో పోల్చి చూచి, దేనిని ముట్టక, తన యభిప్రాయమును ఫ్లాగులలో వ్రాసి మర్యాదగా తప్పుకొనును. 88 అంటిమా, ఆ రెండు సంఖ్యలను, అవి చాలవన్నట్లు మునుపటి క్యారీని గూడ చేర్చి కూడి, అక్యుములేటరులో అంతకుముందున్న దానిని తుడిచిపెట్టి, ఆ మొత్తమునే అచట ప్రతిష్ఠించును. మొదటిది సాక్షి, రెండవది దోపిడిదారు. నా మేనల్లుడు పంపిన స్కాను ప్రతిలో ఈ యిరువురకును గల భేదమెల్ల ఎడమవైపు మూలలలో నుండవలసిన రవ్వంత పదును. అదియో, ఏ పుణ్యాత్ముని స్కానరు గాజుమీది ధూళిలోనో కలిసిపోయినది.

ఈ ప్రమాదమును మన కళాశాలల ల్యాబులలోని కిట్లను తయారుచేసినవారు ఏనాడో గ్రహించిరి. కిట్టుమీద ఆరు దీపాంకెలుండును. నాలుగు అడ్రసునకు, రెండు డేటాకు. ఒక్కొక్క యంకెకు గీతలు ఏడే. ఆ యేడు గీతలతో పెద్ద బీ వ్రాసిన అది అచ్చముగా ఎనిమిది యగును, పెద్ద డీ వ్రాసిన సున్న యగును; కావున వారు ఆ రెండక్షరములను చిన్నబడిలో చూపిరి; చిన్న బీని జూచి ఆరని భ్రమింపకుండ, ఆరు నెత్తిన ఒక అడ్డగీతనుంచిరి. ఏడు గీతల బీదరికములో ఇంత వివేకము వెలుగగా, ఇరువది లక్షల బిందువుల ఐశ్వర్యముగల నా తెర నాకొక మసకను మాత్రము చూపి, కావలసినచో పెద్దది చేసి చూచుకొమ్మనుచున్నది. పెద్దది చేసితిని. మసక పెద్దదైనది.

"మామయ్యా, ఈ రోజుల్లో పుస్తకాలెవరు కొంటున్నారు? అంతా నెట్‌లో ఉంటే!" అని వాడు అమెరికానుండి ఫోనులో నవ్వెను. అంతయు నున్నమాట నిజమే. ఇంటెల్‌వారు 1979లో అచ్చువేసిన యూజర్స్ మాన్యువల్ మా యూరి పుస్తకాల కొట్టువాడు కలలోనైన చూచి యుండడు. అదిప్పుడు ఉచితముగా నా యింటికి వచ్చినది. వచ్చిన యతిథితో వేగుట యెట్లో మాత్రము వాడు చెప్పలేదు. సూచిక 214వ పుట చూడుమనును. 214 అని కొట్టుదునుగదా, పీఠికలో రోమను అంకెలు వేసిన పుటలను గూడ లెక్కించుకొను ఆ పత్రము నన్ను 190లలో ఎచటనో దింపివేయును. కూడిక ఆదేశమైన యాడ్ కొఱకు వెదకితినా, అడ్రస్ అను మాటకును మొదటి మూడక్షరములు అవియే గనుక, గ్రంథములోని అడ్రసులన్నియు వరుసగట్టి పచ్చరంగు పూసికొని వచ్చి నిలుచును. ఇది చాలదని, నెట్‌లో వెదకగా దొరకిన వానిలో సగము జైలాగ్‌వారి జడ్80 చిప్పునకు సంబంధించినవి. 78 అను ఒకే యంకెను ఇంటెల్‌వారు మూవ్ అందురు, జైలాగ్‌వారు లోడ్ అందురు, చిప్పు లిద్దరి మాటను ఒకే రీతిగా పాటించును, నేను మాత్రము రెండిండ్ల చుట్టమనై తిరుగుదును. ఇక ఒక చేతివ్రేలు కిట్టు మీటమీద, రెండవ చేతివ్రేలు ఆప్‌కోడు పట్టికమీద ఉంచి, మూడవది లేక నేను తడుముకొనుచుండగా, ఎవరును ముట్టుట లేదని తెర నిద్రకు పోవును.

అందుచేత ఒక ఆదివారమునాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌మీద రమేశ్ గాంవ్‌కర్ వ్రాసిన 8085 పాఠ్యగ్రంథము పాతప్రతిని కొంటిని. 1984లో మొదట వెలువడి, మన దేశమున ఇంజనీరింగు విద్యార్థులను తరతరములుగా పోషించిన గ్రంథమది. గ్రంథము సంగతి తరువాత. ముందు దాని పూర్వయజమానుని గూర్చి చెప్పవలెను. పేరుగల పుట చించివేయబడినది గాని, మనిషి మార్జినులలో సంపూర్ణముగా నున్నాడు. మొదటి యధ్యాయమున స్కేలుపెట్టి ఎఱ్ఱసిరాతో గీచిన గీతలు; ప్రతి వాక్యమును ముఖ్యమే యనిపించు జూన్‌ మాసపు శ్రద్ధ యది. రెండవ యధ్యాయమున గీతలు స్కేలును విడిచినవి. టైమింగు పటముల దగ్గర 'వి.వి. ఇంపార్టెంట్' అని వ్రాసి, దాని క్రింద 'కాదు, సార్ వదిలేశారు' అని వేఱొక సిరాతో దిద్దినాడు. ఒక పుట యంచున మెస్సు బాకీ లెక్క, కూడికలో తప్పున్నది. కూడిక యంత్రమునకు కూడిక నేర్పుచున్న పుటలోనే ఆ తప్పు చేసినాడన్నచో, అతడు తరువాత పెద్ద యధికారియై యుండునని నా యూహ. మరియొక చోట మార్నింగ్ షో వేళ. స్టాకు అధ్యాయమున ఒక నక్షత్రము. సబ్‌రొటీనుల దగ్గర పప్పుచారు మరక. అనగా ఆ దినమున పుస్తకము భోజనపు బల్లదాక పోయినది, పరీక్ష మరునాడే యన్నమాట. ఇంటరప్టుల యధ్యాయము మాత్రము నిష్కళంకము. అచటికి సిలబస్ ముగిసినదో, ఓపిక ముగిసినదో. తరువాత అతనికి ఉద్యోగము వచ్చియుండును, పెండ్లియై యుండును, భోగికి అటకమీది సామాను దించినపుడు ఆ యింటి యిల్లాలు "ఈ చెత్తంతా ఎందుకండీ?" అనియుండును, అతడు పేపరునుండి తల యెత్తక ఊఁకొట్టి యుండును.

కాని ఈ మహానుభావుడు నాకు చేసిన మేలు ఏ లింకును చేయలేదు. అక్యుములేటరులోని దానిని 4200 అను స్థానమున దాచవలె నన్నచో, 32 అని వ్రాసి, పిమ్మట 00, ఆపైన 42 అని తలక్రిందుగా వ్రాయవలెను. ఆ విషయము గ్రంథమున అచ్చులో నున్నది. ప్రక్కన పెన్సిలుతో, కాగితము చినుగునంత గట్టిగా, 'కింది సగం ముందు రా నాయనా!!' అని యున్నది. ల్యాబులో మార్కులు పోయినవాని కంఠస్వరమది. అచ్చును మరచితిని గాని, ఆ నాయనను మరువలేదు.

ఉద్యోగవిరమణ చేసినవాడు గీతాపారాయణము చేసికొనక ఈ యంకెల పిచ్చి యేమని మా యింటివారి ప్రశ్న. కళాశాలలో ముగ్గురకొక కిట్టు. మీటలు నొక్కు భాగ్యము చొరవగలవానిది, దీపాంకెలను చదువు పని రెండవవానిది, రికార్డు వ్రాయుట నాది. నా రికార్డునకు మంచి మార్కులే వచ్చినవి. పిమ్మట ముప్పదియేండ్లు ఎవరో నిర్మించిన వ్యవస్థలలో ఎవరో చెప్పిన చోట సంతకము చేసితిని. నా జేబులోని ఫోను లోపల నేమి జరుగునో నాకు తెలియదు, దానిని తయారుచేసినవారిలో ఏ యొక్కనికిని సాంతముగా తెలియదట. ఈ 8085 మాత్రము ఒక మనిషి తలలో పట్టును: 65,536 స్థానములు, 246 ఆదేశములు, ఒక కాగితమునకు సరిపడు పట్టిక. 256 సంకేతములకు తక్కువైన ఆ పదింటికి గూడ పనులున్నవనియు, ఇంటెల్‌వారు వానిని తమ మాన్యువలులో వ్రాయక విడిచిరనియు నా పుస్తకములో లేదు, తెరమీదనే తెలిసికొంటిని. ఆ ఋణము కాదనను. ఒక్కటైనను పూర్తిగా నెరుగుద మనుకొన్న వస్తువునకు పది గదులు తాళము వేసియున్నవని విన్న ఆ రాత్రి, ఎందుచేతనో, కోపము రాలేదు గాని కొంచెము దిగులైనది.

తుదకు, ఆ మాన్యువలులోని ఆదేశముల భాగమునైన కాగితముమీద చూచుకొందమని పెన్‌డ్రైవు పట్టుకొని వీధి చివరి జిరాక్సు దుకాణమునకు పోతిని. కుఱ్ఱవాడు ఫైలు తెరచి, మసకను తేరిపార చూచి, "అంకుల్, ఇది అంత క్లియర్‌గా రాదు, పర్లేదా?" అనెను. పరవాలేదంటిని. "బ్యాక్ టు బ్యాక్ వేసి స్పైరల్ చేసేయనా?" అనెను. ఒకవైపే వేయుమనియు, మార్జిను వెడల్పుగా విడువుమనియు చెప్పి, ప్రక్క కొట్టులో ఒక పెన్సిలు కొంటిని.