మూడు రాళ్ల మీద

నేను రెండొందల లీటర్ల ఇనప డ్రమ్మును. వంటనూనెతో ఊరొచ్చాను. మూత కోసి, లోపల కడిగి, తిరుపతి శివార్లలో ఓ పందుల దొడ్డి పక్కన మూడు రాళ్ల మీద నిలబెట్టారు. అప్పటినుంచి కుడితి కాయడమే నా పని.

చీకటి పడేవేళకు హోటళ్ల నుంచి, కల్యాణ మండపాల నుంచి ఎంగిలి బకెట్లలో వస్తుంది. అన్నం, సాంబారు, అరటాకు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు. కవర్లు ఏరేది ముసలామె. మాంసం వండిన ఎంగిలైతే మంట పెంచుతుంది. అందులో పంది మాంసం ఉందని అనుమానం వస్తే బకెట్టు దించనివ్వదు. ఒక్క పొంగుకు జబ్బులు చావవు. అడుగు నుంచి కలుపుతూ గంటసేపు కుతకుతలాడించాలి. పైన పొగలు కక్కుతున్నా నడుమ ముద్ద చల్లగానే ఉంటుంది, కడుపులో పెట్టుకున్న నాకు తెలుసు.

వానాకాలం కంప తడిసిపోతే కొడుకు విసుక్కుంటాడు. "ఈ పూటకి గోరువెచ్చగా పోసేద్దాం మా!" తప్పు పట్టలేను. శుభ్రత పాఠాలు చెప్పేవాళ్లెవరూ కట్టెల ఖర్చు లెక్కగట్టరు.

2020లో అస్సాం, అరుణాచల్‌లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడిందన్న కబురు మా దొడ్డిదాకా వచ్చింది. మనుషులకు అంటదు గానీ పందులకు మందు లేదు. ఎప్పట్నుంచో ఉన్న స్వైన్ ఫీవరుకు టీకా ఉంది, ఏటా వేయిస్తారు. ఆ టీకా దీనికి పనికిరాదు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి: జ్వరం, మేత మానడం, చెవులు ఎర్రబడటం. ల్యాబులో చూస్తేగానీ తేలదు. ఫలితం వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికుంది? మేత మానిన పందిని చాలామంది ఆ రాత్రే బేరగాడికి తోలేస్తారు. వాడి ఆటో మర్నాడు ఇంకో దొడ్డి ముందు ఆగుతుంది. పిల్లల ఫీజులు ఆ పంది మీదే ఉన్నప్పుడు దాన్ని దురాశ అనడానికి నాకు నోరు రాదు. కానీ జబ్బు ఊళ్లు దాటేది ఆ ఆటోలోనే.

అందుకే ముసలామె బేరగాణ్ణి గేటు దాటనివ్వదు. అమ్మేది ఏదో బయటికి తోలుకొచ్చి చూపిస్తుంది.

గచ్చు వేయించాక పందిపిల్లలు పాలిపోయాయి. తల్లిపాలలో ఇనుము తక్కువ. మట్టిలో ముట్టె పెట్టే నాటుపిల్లలకు అక్కడే కొంత దొరికేది. ఇప్పుడు ఈనిన మూడోరోజున ఐరన్ సూది వేయిస్తున్నారు. ఇనుము గొప్పదనం వింటుంటే నాకు కాస్త గర్వమే!

ఈమధ్య నా అడుగు పలచబడింది. అతుకు వేయిస్తే సరిపోతుందంటాడు కొడుకు. కుడితి కారి మంట ఆరితే పచ్చిదే పోస్తావా అని ఆమె కొత్త డ్రమ్ముకు బేరమాడుతోంది.