పేర్ల మామ

పెళ్లింట్లో వంటవాళ్ల మీద అరవడానికి ఒకడు, చావింట్లో పాడె ముడులు సరిచూడటానికి ఒకడు ఉన్నట్టే, ఉయ్యాల ఫంక్షన్‌లో పేరుకు అడ్డం పడటానికి కూడా ప్రతి చుట్టరికంలో ఒకడుంటాడు. మా వాళ్లలో ఆయన్ని పేర్ల మామ అంటారు. పేర్లు పెట్టడం ఆయన పని కాదు. ఎవరో ముచ్చటపడి పెట్టుకున్న పేరును ముక్కు దగ్గర పట్టుకుని వాసన చూసి, "ఇది చెడింది" అని చెప్పడం ఆయన పని.

చూస్తే ఎవరూ అనుకోరు. ఖమ్మంలో రిటైరైన బడిపంతులు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో హాజరుపట్టీ అంత నోటుబుక్కు. ఎవరింట్లో కానుపైనా ఆస్పత్రికి పళ్లు పట్టుకెళ్లే వాళ్లలో మొదటివాడు ఆయనే. బిడ్డ ఎవరి పోలికో చూడడు, బరువెంతో అడగడు. "ఏం పేరనుకుంటున్నరు?" అంటాడు. చెప్పామా, అయిపోయాం. కళ్లు మూసుకుని ఏడో తరగతి ఆఖరి బెంచీలోకి వెళ్లి కూర్చుంటాడు. అక్కడ ఆ పేరు ఎట్లా వినపడుతుందో విని, కళ్లు తెరిచి, బిడ్డ వైపు జాలిగా చూస్తాడు.

భద్రాచలానికి ఇంత దగ్గరి జనం పేరు కోసం ఎక్కడ వెతుక్కుంటారు? రామాయణంలోనే కదా. ఆ రామాయణాన్ని ఆయన కాండలవారీగా కొట్టేశాడు. సీత అంటే సీత కష్టాలంటారు. లక్ష్మణ్ అంటే బొద్దింకల సుద్దముక్క. ఊర్మిళ అంటే నిద్రమొహం. భరత్ అంటే చెప్పులు మోసేవాడు. హనుమంతు సంగతి ఆయన నోటితో చెప్పనక్కర్లేదు. శబరి నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది, ఆ పేరెంత బాగుంటుందని ఒక మేనకోడలు ఆశపడితే, "పిల్ల టిఫిను డబ్బా ఎవరూ ముట్టరు, ఎంగిలంటరు" అన్నాడు. ఊరి మీద ప్రేమతో ఒకాయన కొడుక్కి భద్రం అనుకున్నాడు. దాని మీద సినిమా పాటొకటి ఉందని గుర్తుచేసి, మామ అభినయంతో సహా పాడి వినిపించాడు. తెల్లారేసరికి భద్రం కార్తీక్ అయిపోయాడు. గోవిందుకైతే వివరణ కూడా ఇవ్వలేదు. రెండు చేతులూ పైకెత్తి చూపించాడంతే.

ఆయన దగ్గర గట్టెక్కేవి ఎవరికీ అర్థంకాని పేర్లు. క్రియాన్ష్, వియాన్, అట్లాంటివి. "దీనికి అర్థమేంది మామా?" అంటే, "అర్థముంటే కదా పెడర్థం తీసేది" అంటాడు. కొత్త తరం పేర్లు ఎక్కడినుంచి ఊడిపడుతున్నాయో పండితులు తేల్చాలి గానీ, అందులో చాలామటుకు పేర్ల మామలకు భయపడి పుట్టినవేనని నా అనుమానం.

ఇట్లాంటి మనిషికి సొంత అక్క దగ్గరే దెబ్బ తగిలింది.

అక్కగారిది భద్రాచలం. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు ఇల్లు మునిగి, చంకలో ఒకణ్ని, చెరో చేతికి ఒకణ్ని పట్టుకుని గుట్టెక్కిన మనిషి. నీళ్లు తీసి మళ్లీ గోడలు లేస్తే, ఇంట్లో పుట్టే మొదటి ఆడపిల్లకి దమ్మక్క పేరు పెడతానని అక్కడ మొక్కుకుంది.

దమ్మక్క ఎవరో దూరపువాళ్లకి చెప్పాలి. భద్రాచలం అనగానే అందరికీ కంచర్ల గోపన్నే గుర్తొస్తాడు. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ తహసీల్దారుగా వచ్చి, సర్కారు సొమ్ముతో గుడి కట్టి, తానీషా హయాంలో పన్నెండేళ్లు గోల్కొండ చెరలో మగ్గిన రామదాసు. ఆయన పేరున సికింద్రాబాదులో సంగీత కళాశాల ఉంది, ఖమ్మం జిల్లాలో ఎత్తిపోతల పథకం ఉంది, సినిమాలున్నాయి. కానీ ఆయనకంటే ముందే ఆ గుట్ట మీద పుట్టలో ఉన్న రాముణ్ని చూసింది భద్రారెడ్డిపాలెం మనిషి పోకల దమ్మక్క అని స్థలపురాణం. గోదావరి నీళ్లు మోసుకొచ్చి పుట్టమన్ను కరిగించింది, విగ్రహాలకు నీడ వేసింది, చెట్టు నుంచి రాలిన తాటిపండు నైవేద్యం పెట్టింది. బడ్జెట్ లేదు కాబట్టి ఆడిట్ లేదు, చెరసాలా లేదు. బహుశా అందుకే ఎత్తిపోతల పథకమూ లేదు. మేడారం మొక్కులతో ఈ అడవి అంచున సమ్మక్కలు, సారక్కలు ఇప్పటికీ పుడుతున్నారు. దమ్మక్క పేరు మాత్రం పిల్లల్లో అంతగా వినపడదు.

అక్కగారు మొక్కింది సరే, రాముడు తొందరపడలేదు. ముగ్గురు కొడుకులకీ మగపిల్లలే. మొక్కు వడ్డీతో పెరుగుతూ మునిమనవరాలి దాకా వచ్చింది. మొన్న ఎండాకాలం ఆడపిల్ల పుట్టిందని ఫోన్ రాగానే ముసలామె, "పేరు రెడీగా ఉంది" అంది.

కబురు తెలిసిన రోజే పేర్ల మామ ఖమ్మంలో బస్సెక్కాడు. కొత్తగూడెం దాటి పాల్వంచ వచ్చేలోపలే నోటుబుక్కులో మూడు పేజీలు నిండాయంట. దిగీ దిగగానే మొదలుపెట్టాడు.

"అక్కా, ఇప్పటి పిల్లలకి దమ్మంటే ఏందో తెలుసా నీకు? దమ్ము కొట్టుడు! కిళ్లీకొట్టు వెనక నిలబడి లాగేది. పిల్ల బడికి పోతుంటే 'దమ్మేస్తవా' అంటరు. ఆటలో ఓడితే 'దమ్ము లేదు' అంటరు. హోటలు ముందు నడిస్తే దమ్ బిర్యానీ అంటరు. 2012లో చిన్న ఎన్టీఆర్ సినిమా వచ్చింది, అదొకటి. 1971లో దేవానంద్ 'హరే రామ హరే కృష్ణ' తీస్తే, పేరులో రాముణ్ని పెట్టుకున్న సినిమాలోనే ఆ దమ్ము పాట పెట్టిండు. రాముడికే దిక్కు లేకపోయింది, నువ్వేం కాపాడతవు?"

ఇంతటితో ఆపితే బాగుండేది. "పైగా చివర అక్క ఒకటి. పొత్తిళ్లలో పిల్లని పట్టుకుని డెబ్భై ఏళ్లోణ్ని నేను అక్కా అనాల్నా?" అన్నాడు.

ముసలామె మునగాకు దూస్తోంది. చేతులు ఆపలేదు.

"బీడీ ఆకు ఎక్కడిదిరా?" అంది.

మామ గొంతులో మాట గొంతులోనే ఉండిపోయింది. ఈ అడవి పక్కన పుట్టినవాళ్లకి ఆ ప్రశ్న చాలు. ఎండలు ముదిరాయంటే ఏజెన్సీ ఊళ్లు తెల్లారకముందే తునికాకుకు బయల్దేరతాయి. అంతకుముందే కొమ్మ కొట్టి ఉంచితే లేత ఆకు బాగా వస్తుంది. కోసుకొచ్చిన ఆకును యాభైకో కట్ట కట్టి కల్లంలో ఎండబెడతారు. వెయ్యి కట్టలైతే ఒక బస్తా, అంటే 50 వేల ఆకులు. అక్కడి పిల్లలకి యాభయ్యో ఎక్కం బళ్లో చెప్పకముందే వస్తుంది. తండ్రి లేని ఇంట్లో ఆ కట్టలు కట్టే అక్క తమ్ముణ్ని చదివించింది. హాస్టలుకు పోయినప్పటి రేకుపెట్టె, పంతులు ట్రైనింగు, ఆ ట్రైనింగులో వేసుకున్న మొదటి ప్యాంటు, అన్నీ తునికాకువే.

"ఊరోళ్లు దమ్ము కొట్టబట్టే నువ్వు పంతులువైనవ్. నీ ఫీజుకు పనికొచ్చిన దమ్ము పిల్ల పేరుకు పనికిరాదా?"

మాటలో ఓడిన పేర్ల మామ ఊరుకోడు, అక్షరం మీద పడతాడు. ఈ జాతి లక్షణమే అది. రాత్రి భోజనాల దగ్గర కొత్త రాజీ తెచ్చాడు. ద కింద ఒత్తు పెట్టి 'ధమ్మ' అందాం, అది బుద్ధుడి మాట, రామదాసు పుట్టిన నేలకొండపల్లిలోనే పెద్ద బౌద్ధస్తూపం ఉంది, జిల్లా పరువూ నిలుస్తుంది, రాముడికీ కోపం రాదు. పిల్ల తండ్రి, సారపాక కాగితం మిల్లులో పనిచేసే అబ్బాయి, బాగానే ఉందని తలూపాడు. చిక్కేమిటంటే ఆ ఇంట్లో ధ పలికేవాళ్లు లేరు. మామ ఒక్కొక్కరి చేతా అనిపించి చూశాడు. దమ్మ. దమ్మ. దమ్మ. ఒత్తు ఎవరి నోట్లోంచీ బయటికి రాలేదు. "గాలి రావాలి, కడుపులోంచి గాలి" అని చూపించబోయి తనే దగ్గులో పడ్డాడు. గుమ్మంలో నిలబడ్డ పక్కింటి కుర్రాడు, "తాతా, గట్టిగానే లాగినట్టున్నవ్ దమ్ము" అన్నాడు.

ఇక మిగిలింది చట్టం. పుట్టుక నమోదు 21 రోజుల్లో చేయించాలి గానీ పేరు తర్వాతైనా ఎక్కించుకోవచ్చు. ఏడాది దాకా రుసుం లేదు, ఆపైన రుసుం కట్టి 15 ఏళ్ల దాకా రాయించుకోవచ్చు. మామ ఇదంతా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పి, "ఖాళీ ఉంచుదాం. పదిహేనేళ్లకి పిల్లే చెప్పుద్ది" అన్నాడు.

పిల్ల తల్లి అప్పటిదాకా నోరు విప్పలేదు. ఆమె మనసులో 'ఆద్య' ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. "అప్పటిదాకా దీన్ని ఏమని పిలవాలి తాతయ్యా, ఓయ్ అనా?" అంది. ఆమె ఓటు కూడా ముసలామె వైపే పడింది. ఆద్యను ఓడించింది దమ్మక్క కాదు, మామ మీద పుట్టిన విసుగు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మామకి అన్యాయం, చెబితే ఇంకా అన్యాయం. ఆయన బళ్లో అడ్డపేర్లు పుట్టింది ఆఖరి బెంచీలో కాదు, బల్ల వెనక కుర్చీలో. లెక్క తప్పు చేసిన ఒకణ్ని ఎప్పుడో 'తోటకూర' అన్నాడు. ఆ తోటకూర ఇవాళ ఖమ్మం మిర్చి యార్డులో నలుగురికీ తెలిసిన కమీషన్ వ్యాపారి, మనవళ్లున్నవాడు. ఇప్పటికీ ఫోన్ చేస్తే, "సార్, నేను తోటకూరని" అంటాడు. ఎక్కువ మాట్లాడిన పిల్ల 'రేడియో' అయింది. ఆమె అసలు పేరు విజయలక్ష్మో శ్రీలక్ష్మో మామకే గుర్తులేదు. దొంగతనం లోతుపాతులు తెలిసినవాడే ఇంటికి నాలుగు తాళాలేస్తాడు మరి.

ఉయ్యాల రోజు పళ్లెంలో బియ్యం పోశారు. తండ్రి రాత కోడిగీత కాబట్టి ఉంగరం పంతులు చేతికిచ్చారు. మామ ద రాసి ఆగాడు. ఉంగరం మెల్లగా అక్షరం కిందికి జారుతుంటే అక్క దగ్గింది. ఒత్తు లేకుండానే పేరు పూర్తయింది. చెవిలో మూడుసార్లు చెప్పమంటే చెప్పారు, మూడోసారికి పిల్ల తుమ్మింది. శకునం చూడటానికి మామ నోరు తెరిచేలోపల ఎవరో ఆయన నోట్లో లడ్డూ పెట్టారు.

పిల్లకిప్పుడు నాలుగో నెల. ఇంట్లో అందరూ దమ్మూ అంటున్నారు. ఆ ముద్దుపేరు ఎవరు మొదలుపెట్టారో చెప్పక్కర్లేదు. సాయంత్రం పార్కులో బెంచీ మీద కూర్చుని వీడియో కాల్‌లో "ఏందే దమ్మూ! దా దమ్మూ!" అని ఆయన కేకలు పెడుతుంటే, పక్కనున్న రిటైర్డ్ మిత్రులు చేతుల్లో బీడీలు దాచుకుంటున్నారంట.

మొన్న ఆస్పత్రి గేటు దగ్గర కనిపించాడు, చేతిలో పళ్లసంచి. చుట్టాల్లో ఇంకో కానుపు, ఈసారి మగపిల్లవాడు, ఇవాన్ అనుకుంటున్నారంట. "అర్థం తెలియని పేరే కదా మామా, గట్టెక్కినట్టేనా?" అన్నాను. కళ్లు మూసుకున్నాడు. ఆఖరి బెంచీ దాకా వెళ్లొచ్చాడు.

"ఇవాన్, ఇవ్వన్. అప్పడగబోయేటోడికి గుమ్మంలోనే జవాబు" అని లోపలికి నడిచాడు.