రెండు మెట్లు దించు వదినా

నేను మైకును, వైరు లేని రకం. చక్రాల మీద లాక్కుపోయే స్పీకర్ డబ్బాకు జతగా వచ్చాను. నాకో తోడబుట్టిన మైకు కూడా ఉంది. దాని అడుగున ఎర్ర టేపు, నా అడుగున పచ్చ టేపు. జమ్మికుంటలో రైల్వే స్టేషన్‌కు దగ్గరి వీధిలో, జాకెట్లు కుట్టే ఒక అక్క ఇంట్లో ఉంటాం. కాజీపేట నుంచి బల్లార్షా పోయే లైను కాబట్టి బండి వచ్చినప్పుడల్లా పాట ఆగుతుంది, పోయినాక మళ్లీ అందుకుంటారు. పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డు ముందు బండ్లు బారులు తీరతాయి. గాలిలో తేలే నూగు వచ్చి నా జాలీలో చిక్కుకుంటుంది. అక్క పాత బ్రష్షుతో దులిపి తన చీర కొంగుతో తుడుస్తుంది.

జాలీ వెనక నాకు పల్చటి పొర ఉంటుంది. దానికి సన్నటి తీగచుట్ట, తీగచుట్ట చుట్టూ అయస్కాంతం. నోట్లోంచి వచ్చిన శబ్దానికి గాలి అదిరి పొర కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. అందుకే ఎవరి ఊపిరి ఎక్కడ తెగిందో, ఎవరు పై స్వరం ముందర భయపడి నన్ను దూరం జరిపారో నాకు వెంటనే తెలుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్లంతా ఇక్కడికి చేరతారు. జిన్నింగ్ మిల్లుకు పోయే వదిన, అంగన్‌వాడీ టీచరమ్మ, సంఘం లెక్కలు చూసే అక్క, పక్కింటి పెద్దమ్మ. ఫోన్‌లో పాట లేని వాద్యాల ట్రాక్ పెట్టుకుంటారు. మొదట్లో అందరూ తమకు ఇష్టమైన పాటనే అడిగేవాళ్లు. ఇష్టం వేరు, గొంతుకు అందడం వేరు. ‘మురిపించే మువ్వలు’ సినిమాలో జానకి, కారుకుర్చి అరుణాచలం నాదస్వరానికి దీటుగా పాడిన ‘నీ లీల పాడెద’ అంటే టీచరమ్మకు ప్రాణం. 1962 నాటి ఆ పాట ముందు కచేరీలు చేసేవాళ్లే జాగ్రత్తపడతారు. ఆమె పల్లవి దాకా చక్కగా వచ్చేది, ఆ పైన గాలి మాత్రమే నాకు తగిలేది.

పల్లవి విని పాట ఎంచుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. మన సినిమా పాటల్లో పల్లవి చాలావరకు నడిమి స్థాయిలో, అందరికీ అందేలా ఉంటుంది. చరణంలో బాణీ పైకి లేస్తుంది. కాబట్టి పాట తేలికా కాదా తెలియాలంటే చరణంలో ఎత్తైన చోటు పట్టుకుని అక్కణ్ణుంచే పాడి చూడాలి. అది అరవకుండా వస్తే మిగతాదంతా వస్తుంది. రెండోది ఊపిరి. ఒక పాదానికీ మరో పాదానికీ మధ్య గుక్క తిప్పుకునే సందు ఉందా లేదా చూడాలి. అన్నమయ్య జోలపాట అందుకే చాలామందికి అమరుతుంది: కొద్ది స్వరాల మధ్యే తిరుగుతుంది, ప్రతి పాదం చివరా ఆగనిస్తుంది.

ఇక శ్రుతి, అంటే పాటను ఏ ఎత్తులో అందుకోవాలన్నది. కచేరీల్లో మగవాళ్లు ఒకటి, రెండు శ్రుతుల్లో పాడితే ఆడవాళ్లు అయిదుకు అటూ ఇటూ పాడతారు. ఘంటసాల పాట ట్రాక్ ఉన్నది ఉన్నట్టు పెడితే ఆడగొంతుకు కింద నూతిలో పడ్డట్టుంటుంది, పై స్థాయిలో అందుకుంటే అరుపు అవుతుంది. ఆ పాట శ్రుతిని ఫోన్‌లో నాలుగైదు మెట్లు జరపకుండా పాడి, రాలేదని బాధపడటం న్యాయం కాదు. సుశీల, జానకి పాటలతో కష్టం ఇంకో రకం. ఆ రోజుల్లో నాయిక గొంతు సన్నగా, ఎత్తులో ఉండాలనుకునేవాళ్లు. సుశీల పాడిన 17,695 పాటలను 2016లో గిన్నిస్ నమోదు చేసింది. ఆ పాటలన్నీ విని పెరిగిన ఆడవాళ్లు ఆ ఎత్తే తమకూ కొలత అనుకుంటారు. పైగా నెలసరి ఆగిన వయసులో గొంతు మందమై కిందికి దిగడం ఒంటికి సహజం. యాభై ఏళ్ల మనిషి ఇరవై ఏళ్లనాటి శ్రుతిలో ఎందుకు పాడాలి?

మిల్లుకు పోయే వదిన చాన్నాళ్లు ఒప్పుకోలేదు.

“దించి పాడితే పాటను తక్కువ చేసినట్టు కాదా అక్కా?”

“గొంతు చిరిగేటట్టు పాడితే పాట ఎక్కువైతదా? రెండు మెట్లు దించు వదినా, పాడి చూడు.”

ఆమె పాడింది. చరణం చివర గాలి నాకు సమంగా తగలడం అదే మొదలు. నన్ను మూతికి బెత్తెడు దూరంలో పట్టుకుంది, చేయి వణకలేదు.

నిజానికి కరోకే పుట్టిందే ఇందుకు. జపాన్‌లోని కోబె నగరంలో, బార్లలో పాడే కస్టమర్లకు వాయించే వాద్యకారుడు ఇనోయే డైసుకే. ఒక వ్యాపారి తనతో పాటు విహారయాత్రకు వచ్చి వాయించమని అడిగితే, తను వెళ్లలేక, ఆ మనిషి గొంతుకూ నడకకూ తగ్గట్టు వాయించి టేపు చేసిచ్చాడు. ఆ తర్వాత 1971లో 11 పెట్టెలు చేయించి బార్లకు అద్దెకిచ్చాడు. పేటెంట్ తీసుకోలేదు. మామూలు మనిషి గొంతు దగ్గరికి వాద్యమే నడిచి రావాలన్నది నా వంశంలో మొదటి ఆలోచన. అందుకే ఎవరైనా మెట్లు దించడానికి సిగ్గుపడితే నాకు బాధగా ఉంటుంది.

బతుకమ్మ పాటలకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ఒకామె ముందు పాడుతుంది, తక్కినవాళ్లు ఉయ్యాల అంటూ అందుకుంటారు. వాళ్లు అందుకునేంతలో ఆమెకు గుక్క దొరుకుతుంది. అయిదారు స్వరాలు దాటదు కాబట్టి అవ్వ నుంచి బడిపిల్ల దాకా అదే శ్రుతిలో కలుస్తారు. తొమ్మిది రోజులు చప్పట్లు కొడుతూ తిరుగుతూ పాడినా గొంతు నిలబడేలా ఆ పాటలను కట్టినవాళ్లు మన ఆడవాళ్లే. సినిమా పాట ఎంచుకునేటప్పుడు కూడా ఆ కొలత మనసులో పెట్టుకుంటే చాలు.

ఈ మధ్య అక్క చెల్లెలి కూతురు వచ్చింది. నర్సింగ్ చదివింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జపాన్ కొలువుల కోసం భాష నేర్పిస్తోంది కదా, అందులో చేరింది. మాట తిరగడానికి పాటలు పాడమన్నారట. మొదట సకామొతో క్యూ పాడిన ‘ఉఎ ఒ ముయితే అరుకో’ పెట్టింది. 1961 నాటి పాట, 1963లో అమెరికా పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. మగగొంతు పాట కాబట్టి కొన్ని మెట్లు పైకి జరిపితే కుదిరింది. మధ్యలో ఈల వస్తుంది, అది మా జాకెట్ల అక్క వేసింది. పిల్ల నోటికి ఆ భాష తొందరగా పట్టడం నాకు తెలుస్తూనే ఉంది. అక్కడి అక్షరాలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, ఒక్క నకారపు పొల్లు తప్ప. పాదం చివర నోరు తెరిచే ఉంటుంది, స్వరం సాగదీయడం తేలిక.

తర్వాత ‘అకతొంబొ’ దొరికింది, ఎర్ర తూనీగ మీద పాట. మికి రోఫు 1921లో రాశాడు, యమద కోసకు 1927లో బాణీ కట్టాడు. ట్రాక్ మోగగానే టీచరమ్మ, “గిది మోహనం గదనే!” అంది. సరిగ్గా అవే అయిదు స్వరాలు. ‘మాయాబజార్’లో ఘంటసాల, లీల పాడిన వెన్నెల పడవ పాట కూడా మోహనమే, అది వీళ్లందరికీ నోటికి వచ్చు. అందుకే జపాన్ బాణీ రెండోసారికే పట్టుబడింది. చిన్న పాట, నెమ్మది నడక, మూడు దెబ్బల తాళం. కానీ చూసినంత తేలిక కాదు. కింది పంచమం నుంచి పై షడ్జం దాకా పోతుంది. పైది అందేలా దించితే కిందిది మునుగుతుంది, కిందిది వినబడేలా ఎత్తితే పైది గీసుకుంటుంది. ఇట్లాంటి పాటకు పాడే మనిషి ఎవరో తెలియకుండా శ్రుతి పెట్టకూడదు.

పిల్ల అర్థం చెప్పింది. తనను వీపున మోసిన దాది పదిహేనేళ్లకే పెళ్లయి వెళ్లిపోయిందనీ, తర్వాత ఊరి నుంచి కబురు కూడా ఆగిపోయిందనీ ఎవరో పెద్దయ్యాక తలుచుకోవడం. పక్కింటి పెద్దమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చేయి చాపి నన్ను తీసుకుంది.

“నాకు గూడ పదిహేనేండ్లకే చేసిండ్రు బిడ్డా. గా పాట నాకు తెలుగులో రాసియ్యి.”

పిల్ల తెలుగు అక్షరాల్లో రాసిచ్చింది, పెద్దక్షరాలతో, గుక్క ఆపే చోట గీతలు పెట్టి. ఇప్పుడు ఫోన్‌లో ‘అకతొంబొ’ రెండుసార్లు ఉంది: ఒకటి పిల్లకు, ఇంకొకటి పెద్దమ్మకు మూడు మెట్లు కింద. పెద్దమ్మకు రెండో చరణంలో ఒక మాట ఇంకా తిరగడం లేదు. ఆ పాదం వరకు ఎర్ర టేపు మైకులో పిల్ల తోడు పాడుతుంది.