అమ్మనొల్లని వర్తకుడు

క్యోటో నగరమున, గియోను పేట నానుకొని, షిమ్మొంజెను అను నొక సన్నని వీధి గలదు. పురాతన చిత్రములకును, పాత్రలకును, తెరలకును, తోటలలో నిలుపు రాతిపనులకును ఆ వీధి పేరు వడసినది. అందలి వర్తకుని లక్షణములలో మొదట చెప్పదగిన దేమనగా, అమ్ముటకే అంగడి తెరచినవాడయ్యును, కొనవచ్చినవానిని జూచి, అప్పులవాడు గడప ద్రొక్కినట్లు ముఖము ముడుచుకొనును. వీధివైపు అద్దముల వెనుక నొక్క పాత్రయు, అందొక్క పువ్వును దక్క వేరేమియు నుండదు. వెల చీటి యుండనే యుండదు. ఉన్నచో మీరు చీటిని చూతురు, లేనిచో ఆతడు మిమ్ము చూచును. ఉంగరమును, గడియారమును తీయక పాత్రపై చేయి వేసితిరా, కొట్టులోని మంచి వస్తువులు ఆనాటికి మీ కంటబడవు. అవి తీసి, మోకాళ్లపై గూర్చుండి, పాత్రను నేలకు దగ్గరగా రెండు చేతులతో బట్టుకొని చూచితిరా, మంచి వస్తువులు ఒక్కొక్కటే వెలువడును, వెలయు మీ సంస్కారమునకు దగినట్లే పెరుగును.

ఇంతటివానికిని ప్రభుత్వమువారి దృష్టిలో గల స్థానము మాత్రము శోచనీయము. 1949 నాటి శాసనము ననుసరించి, జపానులో పాతవస్తువుల వ్యాపారము చేయగోరు ప్రతివాడును పోలీసు ఠాణాలో దరఖాస్తు పెట్టుకొని అనుమతి పొందవలెను. దొంగసొత్తు చేతులు మారకుండుటకై యేర్పడిన కట్టుబాటది. ఆరు రెక్కల బంగరు తెర నమ్మువానికిని, తుప్పుపట్టిన సైకిలు నమ్మువానికిని ఒక్కటే శాసనము. అనుమతి ఫలకమును అందరకు గనబడునట్లు అంగడిలో నుంచవలెనని విధి. మనవాడు విధిని మీరువాడు కాడు. ఫలకము నుంచును, దాని ముందర నొక పూలకుండీ నుంచును.

ఆతని విద్య యంతయు పెట్టెలలో నున్నది. ఆ దేశమున విలువగల పాత్రను పసుపు రంగద్దిన నూలుబట్టలో జుట్టి, కిరి యను తేలికచెక్క పెట్టెలో భద్రపరతురు. పసుపునకు పురుగు చేరదని వారికిని దెలియును. మూతపై శిల్పి స్వహస్తముతో పేరు వ్రాసినచో నొక వెల, తేనీటి గోష్ఠులలో పేరుపొందిన యాచార్యుడెవడైన ‘ఇది ఫలానివాని కృతియే’ యని వ్రాసినచో వేరొక వెల. అంతటి వ్రాత గల పెట్టె మాసిపోకుండుటకై దానికి మరియొక పెట్టె. వర్తకుడు త్రాడు విప్పి, పెట్టె తీసి, మరల త్రాడు విప్పి, మరల పెట్టె తీసి, బట్ట మడతలను ఒక్కొక్కటే తొలగించి పాత్రను బయట బెట్టునప్పటికి, బేరమాడవలెనని వచ్చినవాడు నమస్కరింపవలెనను స్థితికి వచ్చియుండును. పాత్ర పగిలి పెట్టె మిగిలినచో ఆతడు దానిని పారవేయడు. పాత్ర లేని పెట్టెలును, పెట్టె లేని పాత్రలును లోకమున నొండొంటిని వెదకికొనుచు దిరుగుచుండుననియు, వానిని గలుపుట పుణ్యకార్యమనియు ఆతని విశ్వాసము.

నకలేమో యని సందేహించితిరా, కోపింపడు. దట్టీనుండి సంచిని వ్రేలాడదీయుటకై చెక్కు నెట్సుకే బొమ్మలలో, టొమొటాడా చెక్కిన యెద్దులకు నకళ్లు విస్తారముగా నున్నవని 1781లో ఒసాకాలో వెలువడిన గ్రంథమే హెచ్చరించినది. “నకలే కావచ్చును, అయ్యా! కాని ఆ నకలునకును రెండువందల యేండ్లు దాటినవి గదా!” యనును.

చిక్కంతయు రాతిదీపములతోనే. వానికి పెట్టె యుండదు, సాక్ష్యమంతయు పాచియే. పెరటిలో, చెట్లనీడను, క్రొత్తగా చెక్కిన దీపమొకదానికి ఆతడు బియ్యము కడిగిన నీళ్లు పోయుచుండగా జూచి, “అభిషేకమా?” యని యడిగితిని. “కాదు, విద్యాభ్యాసము” అనెను. శిఖ, గొడుగు, దీపగృహము, పీఠము, కంబము, అడుగు అను నీ భాగములు వేరువేరు దీపములనుండి వచ్చి యొక్కచో నిలిచినవియు గలవు. వానికి జపానీయులు ప్రత్యేకమొక పేరే యిచ్చిరి గావున అది మోసము గాదు, ఒక జాతి. భాగములన్నిటిలో పెద్దదాని వయస్సే దీపమంతటి వయస్సు. 1868లో మెయిజీ ప్రభుత్వము షింటో దేవతలను బుద్ధుని నుండి వేరుచేసినపుడు, బౌద్ధాలయములు పెక్కు పాడుపడి వాని సొత్తు అంగళ్ల కెక్కిన మాట నిజమే. కాని ఈ వీధివారు చెప్పు దీపములన్నియు ఆ యాలయములలో వెలిగియుండినచో, పాపము, భిక్షువులకు నిద్రించుటకు చీకటియే మిగిలియుండదు.

టొకుగావా పాలకుల యాజ్ఞచే 1615లో ప్రాణత్యాగము చేయవలసివచ్చిన తేనీటి యాచార్యుడు ఫురుటా ఒరిబే పేరు మోయు దీపమొకటి గలదు. దాని కంబముపై నొక మూర్తి చెక్కియుండును. కొనువాడు ఐరోపావాడైనచో అది రహస్య క్రైస్తవులు కొలిచిన మరియమాత. జపానీయుడైనచో జిజో బోధిసత్త్వుడు. మరియమాత కథను పండితులు శంకింతురు. వర్తకుడు పండితులను పట్టించుకొనడు, వారు కొనరు గనుక.

మా హైదరాబాదులోని మూడవ సాలార్‌జంగును గూర్చి యాతనికి జెప్పితిని: 1912లో నిజాముకు దివానై, రెండేండ్లు దాటిన పిదప పదవి విడిచి, 1949లో గతించువరకు, జపాను వస్తువులతో సహా, లోకమందలి వింతలెల్ల సేకరించెననియు, వివాహమే యాడలేదనియు. ఆతడు కన్నులు మూసికొని, “ఇంత వెల యేమని యడుగ భార్యయు లేదా!” యని నడుము వంచి నమస్కరించెను.

ఒకసారి సింగపూరు వర్తకుడొకడు, మంచు నిలుచుటకై వెడల్పు గొడుగుతో, పొట్టి కాళ్లతో చెక్కు యుకిమి దీపమును మెచ్చి, తన యూర మంచు కురియదే యని వెనుదీసెను. “కురిసినచో అందరును మంచునే చూతురు, తమ యూర దీపమును జూతురు” అని మనవాడు పలికెను. బేరము ముగిసినది. దీపమును గడ్డితో జుట్టి, బల్లలతో బిగించి, ఓడకెక్కింపబోవు సమయమున, పెట్టెపై వ్రాత లేనిది వస్తువే కాదని ఆతనివద్దనే నేర్చుకొనిన యా సింగపూరువాడు, మూతపై స్వహస్తముతో వ్రాయవలెనని పట్టుబట్టెను. మనవాడు సిరా నూరించి, కుంచె దెప్పించి, చాలసేపు నిశ్శబ్దముగా గూర్చుండి, అత్యంత మనోహరమైన లిపిలో ‘ఈ వైపు పైకి’ యని వ్రాసెను. కొన్నవాడు చేతులు జోడించెను. వ్రాతకూలి వేరుగా నిచ్చెను.