ఈసారి ఉప్మా అంది

నాలుగు రోజులుగా ఆ ఫోటో చూసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "ఏందిది?" మా ఆవిడ సిమెంటు తట్ట అంది. ఎదురింటాయన ఐఎస్ సదన్ దగ్గర వానకు పడ్డ గుంత అన్నాడు. "పేపరోళ్లకు పంపన్నా, పూడుస్తరేమో" అని సలహా కూడా ఇచ్చాడు. అది హలీమ్. 2010లోనే జీఐ గుర్తింపు పొందిన హైదరాబాద్ హలీమ్. నా చేతిలో పడ్డాక దాన్ని ఒక్కరూ గుర్తించట్లేదు.

సంతోష్‌నగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నా. మొన్న మూఢమని ఒక వీధి, రంజానని ఇంకో వీధి పెళ్లిళ్లు ఆపేశాయి. కెమెరా బీరువాలో, నేను కుర్చీలో. మేనల్లుడు చూడలేకపోయాడు. "మామా, తిండి ఫోటోలు తియ్యి. మూడీగా ఎడిట్ చెయ్యి. నీలం కిందికి, నారింజ మీదికి గుంజు." అట్లాగే గుంజాను. నెయ్యి కాస్తా రోడ్డు మీద కారిన పెట్రోలులా మెరిసింది.

నాకొచ్చిన విద్య ఒక్కటే: "గడ్డం దించమ్మా, బాబాయ్ కొంచెం లోపలికి జరగండి, అందరూ ఇటు చూడండి." హలీమ్‌కు గడ్డం లేదు, బాబాయిలు లేరు. ఎటునుంచి చూసినా అదే మొహం.

పైగా నిమ్మచెక్క. ఎడమ పక్కన పెడితే వేయించిన ఉల్లిపాయలు కనబడలేదు. కుడి పక్కన పెడితే పుదీనా మీద పడింది. నడుమ నిలబెడితే మునిగింది. చెంచాతో తీసి, కడిగి, తుడిచి, మళ్లీ నిలబెట్టాను. మళ్లీ మునిగింది. కొత్తది కోయించాను. అది గింజల వైపు తిరిగి పడుకుంది. ఐదో చెక్క దగ్గర హోటల్ భాయ్ వచ్చి "అన్నా, నిమ్మకాయలు ఫుకట్ల రాలె" అన్నాడు. ఏడోది అలిగిన అల్లుడిలా వంకరగానైనా నిలబడింది. అప్పటికి గిన్నెలో ఆవిరి చచ్చిపోయింది. ఆవిరి కోసం వెనకాల అగరబత్తీ వెలిగించాను. పొగ సన్నగా, అందంగా లేచింది. భాయ్ గిన్నెనూ అగరబత్తీనీ మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "ఎవరన్న పోయిండ్రా అన్నా?"

ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కూడా కొత్త విషయాల జోలికి వెళ్లినవాడే. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేసుకుంటూ, కట్టడాలు తీసి తీసి మనుషుల మొహాల మీదికొచ్చాడు. ఆరో నిజాం దగ్గర ముసవ్విర్ జంగ్ బిరుదు కొట్టాడు. నాకు ఏడు నిమ్మచెక్కల బిల్లు. 1892లో ఆయన పరదా స్త్రీల కోసం ఇక్కడ జనానా స్టూడియో తెరిచి, అది చూసుకోవడానికి ఒక ఇంగ్లీషావిడను పెట్టాడు. తను పోకూడని చోటికి తగిన మనిషిని పంపడమంటే అదీ. ఆ తెలివి ఉంటే నేను హలీమ్ దగ్గరికి మేనల్లుణ్నే పంపేవాణ్ని.

ఎడిటింగ్ మాత్రం నాకు కొత్తేం కాదు. పనిలో చేరిన కొత్తలో నెగటివ్ మీద పెన్సిల్ పని నేర్పారు. సూదిలా చెక్కిన పెన్సిల్, కింద దీపం, చేతిలో భూతద్దం. మొహం మీది నల్లమచ్చ నెగటివ్‌లో తెల్లగా ఉంటుంది. చుక్క చుక్కగా నింపితే ప్రింటులో మాయం. చెయ్యి తిరగాలి కదా అని అమ్మ నెగటివ్ తీసుకున్నా. బుగ్గ మీద మిరియం గింజంత పుట్టుమచ్చ ఉండేది. ఎంత బాగా పోయిందంటే, స్టూడియో ఓనరు నలుగురికి చూపించాడు. గోడ మీద దండ వేసి ఉన్నది ఆ ఫోటోనే.

నిరుడు తద్దినం రోజు చెల్లెలు అడిగింది, "అన్నా, అమ్మ మచ్చ ఎడమ బుగ్గకా, కుడి బుగ్గకా?" ఎడమకే అన్నాను, గట్టిగానే. ఆమె వెళ్లిపోయాక లైటేసి ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాను.

హలీమ్‌కైతే రీసెట్ బటనుంది. రాత్రి నీలం, నారింజ అన్నీ వెనక్కి తీసేసి, ఉన్నదున్నట్టుగా మా ఆవిడకు చూపించా. ఈసారి ఉప్మా అంది.