ఉక్కు తమ్ముళ్లు

నేను 18 క్యారట్ల బంగారు గడియారాన్ని. ఈ మాట మీ ఇళ్లలో చెబితే కుర్చీ వేసి కూర్చోబెడతారు. అరుదైన స్విస్ వాచీలు కూడబెట్టేవాళ్ల మధ్య మాత్రం "ఓహో, పసుపు బంగారమేనా" అని పెదవి విరుస్తారు.

పుట్టింది జెనీవాలో, పటేక్ ఫిలిప్ వారింట. పేరు లేదు, నంబరే: 1518. మా వరస 1941లో మొదలైంది. స్టాప్‌వాచీనీ శాశ్వత క్యాలెండర్‌నీ ఒకే చేతిగడియారంలో ఇమిడ్చి, వరసగా తయారుచేసి అమ్మడం మాతోనే మొదలు. పన్నెండు అంకె కింద రెండు బుల్లి కిటికీల్లో వారం, నెల; ఆరు దగ్గర తేదీ, చంద్రుడు. లోపల నాలుగేళ్లకు ఒక్క చుట్టు తిరిగే చక్రం ఉంది. దాని అంచున గాడి ఎంత లోతుందో చూసి ఈ నెలకు ఎన్ని రోజులో తెలుసుకుంటాను. లీపు ఏడాదీ తప్పను. 2100లో మాత్రం తప్పుతాను. ఆ ఏడు ఫిబ్రవరికి 28 రోజులేనని నా చక్రానికి ఎవరూ చెప్పలేదు.

మేం మొత్తం 281 మందిమి. ఎక్కువమందిమి బంగారమే. ఉక్కు ఒంటితో పుట్టినట్టు తెలిసినవాళ్లు నలుగురే. ఇంత పనితనానికి బంగారం తొడగడమే ఆనాటి మర్యాద, ఉక్కుది కావాలని ఎవరడుగుతారు? అదే వాళ్లకు కలిసొచ్చింది. 2016 నవంబరులో జెనీవా వేలంలో వాళ్లలో ఒకడు కోటీ 10 లక్షల ఫ్రాంకులు పలికి చేతిగడియారాల్లో రికార్డు కొట్టాడు. మా ధర ఇంకా లక్షల దగ్గరే ఉంది. మరుసటేడు న్యూయార్క్‌లో ఆ రికార్డు బద్దలు కొట్టిందీ ఉక్కుదే: నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా, కోటీ 77 లక్షల డాలర్లు. ఆ తరహా డయల్‌ను కొత్తలో అడిగే నాథుడే లేడట! 2019లో 3 కోట్ల 10 లక్షల ఫ్రాంకులు తెచ్చిన మా ఇంటి గ్రాండ్‌మాస్టర్ చైమూ ఉక్కే.

నాకు ఇంకో దెబ్బ కూడా తగిలింది. పాత యజమాని ఒకాయన ముచ్చటపడి నాకు మెరుగు పెట్టించాడు. బంగారం మెత్తన కదా, పట్టీ బిగించే కొమ్ముల అంచులు అరిగి గుండ్రబడ్డాయి. కొమ్ము పక్కన ఉన్న స్విస్ బంగారు ముద్ర, చిన్న ఆడమనిషి తల, ముక్కూ మొహం లేకుండా పోయింది. డయల్ మీది పేరు చెక్కి ఎనామెల్ నింపింది కాబట్టి బతికింది. ఆ తర్వాత కొనవచ్చిన ప్రతివాడూ కంటికి భూతద్దం బిగించి ఆ కొమ్మునే చూశాడు. గీతలుంటే ఫరవాలేదట, మెరుపే దోషమట.

ఇప్పటాయన నన్ను ఇనప్పెట్టెలో పెట్టాడు. నాకు చేత్తో కీ ఇవ్వాలి; ఇవ్వడు. నా కిటికీలో ఎప్పటిదో గురువారం. అప్పుడప్పుడు బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి, ఫోన్‌లో ఎవరితోనో అంటుంటాడు: "ఉక్కుది ఎక్కడైనా వస్తే చెప్పండి, దీన్నిచ్చేసి తీసుకుంటా." నన్నిస్తే దాని పట్టీ కూడా రాదని అవతలాయనైనా చెప్పొచ్చుగా!