బాసు పద్యానికి టీకా తాత్పర్యాలు

ఆ.వె.
కొత్త బాసు కొనకు కొన్నదే సరిచేయి
తీగ మార్చి మెడను తిన్నజేసి
డబ్బు మిగిలెనేని డబ్బాను కొనుమయ్య
పెట్టె మోయవలదు పెండ్లి కడకు

అవతారిక: పెళ్లి రిసెప్షన్లలోనూ, చర్చి కూటాల్లోనూ, వినాయకచవితి పందిళ్లలోనూ బాసు గిటారు వాయించి, వచ్చిన పైకంతో ఇంటద్దె కట్టి, మిగిలినదానితో మరో బాసు కొనాలని తహతహలాడే ఒకానొక శిష్యుణ్ణి ఉద్దేశించి చెప్పిన ఆటవెలది ఇది. కర్త ఎవరో తెలియదు. మకుటం లేదు. ఆర్కెస్ట్రా పోస్టరు మీద గాయనీగాయకుల ఫొటోలు ఉంటాయి, కీబోర్డు వాయించే ఆయన పేరు ఉంటుంది, బాసు వాయించేవాడి పేరు మాత్రం ఉండదు. కనుక కవి కూడా బాసిస్టే అయి ఉండాలని విజ్ఞుల ఊహ.

ప్రతిపదార్థం: కొత్త = శిష్యుడు రోజూ నిద్రపోయేముందు ఫోనులో చూసుకుంటున్నట్టి; బాసు = నాలుగు తీగలు కలదియు, ఉన్నప్పుడు ఎవరికీ వినబడనిదియు, ఆగినప్పుడు అందరికీ తెలియునదియు అగు గిటారును; కొనకు = కొనవద్దు; కొన్నదే = ఇంట్లో మంచం కింద ఉన్నదాన్నే; సరిచేయి = సెట్టింగ్ చేయించు; తీగ మార్చి = తుప్పు వాసన వచ్చే స్ట్రింగ్స్ తీసి కొత్తవి వేసి; మెడను = గిటారు మెడను; తిన్నజేసి = తిన్నగా చేసి; డబ్బు మిగిలెనేని = ఒకవేళ మిగిలితే (ఇది కేవల కవిసమయం); డబ్బాను = బాసు సిగ్నల్‌ను మిక్సరుకు చేర్చే డీఐ బాక్సును; కొనుము అయ్య = కొనుక్కో నాయనా; పెండ్లి కడకు = ఫంక్షన్ హాలుకు; పెట్టె = ఆంప్లిఫయరూ స్పీకరూ కలిసి ఉండే చెక్కపెట్టెను; మోయవలదు = మోయనక్కరలేదు.

తాత్పర్యం: హాలులో జనం వినేది నీ ఆంపును కాదు, అద్దెకు తెచ్చిన సౌండ్ సిస్టమ్‌ను. నీ వేలి నుంచి దాని మిక్సరు దాకా ఉన్న దారిని బాగుచేసుకో. ఆ దారికి అటు పక్క డబ్బు పోయకు.

విశేషాలు.

కొత్త బాసు కొనకు: మంగళాచరణం లేదు, ఇష్టదేవతాస్తుతి లేదు, నిషేధంతోనే పద్యం ఎత్తుకున్నాడు. ఇష్టదేవత ఎవరో శిష్యుడి గోడ మీద అంటించిన బొమ్మే చెబుతుంది. అది 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నుంచి లియో ఫెండర్ బయటికి తెచ్చిన ప్రెసిషన్ బాస్. అంతకుముందు వాయించే నిలువెత్తు డబుల్ బాసుకు ఫ్రెట్లు ఉండవు, వేలు ఎక్కడ పడితే అక్కడే స్వరం. ఫెండర్ ఫ్రెట్లు బిగించి స్వరస్థానాలను ఖాయం చేశాడు. 1957లో, తీగ ఊపును విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌ను రెండు ముక్కలు చేసి, గుంయ్‌మనే హమ్మింగ్ ఒకదానిది ఒకటి కొట్టేసుకునేలా తీగ చుట్టించాడు. 1960లో జాజ్ బాస్ వచ్చింది. స్తోత్రం ఇంతటితో సమాప్తం.

ఇక్కడ శంక. చవక బాసు నాసిరకం కాదా? ఫెండర్ వారికే స్క్వయర్ అనే చవక శాఖ ఉన్నది కదా, రెండూ ఒకటే అయితే రెండు ధరలెందుకు? సమాధానం: మెడ తల దగ్గర తీగలు ఆనే నట్ నుంచి అడుగున అవి ఆనే బ్రిడ్జి దాకా అందులోనూ 34 అంగుళాలే, ఇందులోనూ 34 అంగుళాలే. అన్నిటికంటే లావు తీగ ఎంత డబ్బు పోసినా 41 హెర్ట్జ్ దగ్గరే మోగుతుంది. యమహా టీఆర్‌బీఎక్స్ 174 వంటి తొలిమెట్టు బాసు మీద ప్రెసిషన్ తరహా పికప్ ఒకటి, జాజ్ తరహాది ఒకటి రెండూ ఉంటాయి. తేడా ఎక్కువగా మరోచోట ఉంది. ఫ్రెట్ల అంచులు వేలికి గీసుకోకుండా అరగదీయడం, నట్ గాడులు సరైన లోతుకు కోయడం, మెడను సవరించడం, అంటే ఫ్యాక్టరీలో మనిషి చెయ్యి దానిమీద ఎంతసేపు పడింది అన్నదే ధరలో పెద్ద భాగం. ఆ చెయ్యి తర్వాత మన ఊళ్లోనైనా పడవచ్చును. "కొన్నదే" అనే మాటలోని ఏవకారం బలం ఇదే.

మరి పికప్‌లు మార్చమని కవి ఎందుకు చెప్పలేదు? చెప్పకపోవడమే మేలు. రిథమ్ ప్యాడ్లు, కీబోర్డు ఎడమచెయ్యి, కేటరింగ్ వారి ప్లేట్లు కలిసి మోగుతున్న హాలులో ఆ తేడా మూడో వరుస దాటదు. వాల్యూమ్ తిప్పితే కరకరమనే పాట్‌ను శుభ్రం చేయడం, వదులైన జాక్‌కు టంకం వేయించడం, ఎల్‌ఈడీ లైట్ల పక్కన గీపెట్టే సింగిల్ కాయిల్ బాసైతే లోపలి గుంటకు రాగి రేకు అతికించి దాన్ని గ్రౌండ్‌కు కలపడం, ఇవన్నీ "సరిచేయి"లోనే గతార్థాలు.

మెడను తిన్నజేసి: ఈ ఒక్క పదబంధం కోసం ప్రాణం పెట్టవచ్చు. అన్వయక్లేశం మొదట తీర్చాలి. తిన్న అంటే గీత గీసినట్టు తిన్నగా అని అర్థం చెప్పిన వ్యాఖ్యాతలు గిటారు పట్టుకోలేదని స్పష్టం. మోగే తీగ అటూ ఇటూ ఊగుతుంది, నడుమ ఎక్కువగా ఊగుతుంది. మెడ పూర్తిగా తిన్నగా ఉంటే ఆ ఊగే తీగ వెళ్లి ఫ్రెట్లకు కొట్టుకుని గిలగిలమంటుంది. కనుక మెడకు రవ్వంత ముందువంపు ఉండి తీరాలి. ఎంత? మొదటి ఫ్రెట్‌నూ చివరి ఫ్రెట్‌నూ కలిపి నొక్కిపట్టి, ఏడెనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడాలి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు.

మెడ ఊరికే వంగదు. నాలుగు తీగలూ కలిసి దాన్ని 70, 80 కిలోల బరువుతో లాగుతుంటాయి. లోపల ట్రస్ రాడ్ అనే ఇనప కడ్డీ ఎదురు లాగుతుంటుంది. అలెన్ కీతో కుడివైపు తిప్పితే రాడ్ బిగిసి మెడ వెనక్కి వస్తుంది, ఎడమకు తిప్పితే వదులై తీగల వైపు వంగుతుంది. పావు చుట్టు తిప్పి ఆగాలి, మళ్లీ శ్రుతి చేయాలి, మళ్లీ చూడాలి. ఒక్క ఊపులో బిగించేవారు రాడ్ విరిచి, ఆ తర్వాత కొత్త బాసు ఎందుకు కొన్నామో ఇంట్లో చెప్పలేక అవస్థ పడతారు. పైగా కర్ర కదా, సముద్రపు తేమకు ఉబ్బుతుంది, ఏసీ హాలుకు ముడుచుకుంటుంది. విశాఖలో సరిగ్గా ఉన్న మెడ హైదరాబాదు చలికాలంలో అదే మాట మీద నిలబడదు. వానాకాలం ముందొకసారి, వెళ్లాక ఒకసారి చూసుకోవడం సంప్రదాయం.

మెడ కుదిరాకే బ్రిడ్జి జోలికి పోవాలి. 12వ ఫ్రెట్ మీద తీగను తాకీతాకనట్టు వేలుంచి మోగించిన హార్మోనిక్‌నూ, అదే ఫ్రెట్‌ను నొక్కి మోగించిన స్వరాన్నీ ట్యూనరులో పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే ఆ తీగ కింది సాడిల్‌ను వెనక్కి జరపాలి, తగ్గుగా ఉంటే ముందుకు. ఇదెందుకంటారా? రిసెప్షన్‌లో ఇళయరాజా పాట అడగక మానరు. ఆయన బాణీల్లో బాసు అడుగున కూర్చుని తలూపదు. ఆయన పాటలు ఎన్నిటికో బాసు వాయించిన శశిధరన్ లైన్లు వింటే తెలుస్తుంది, అది పాట పక్కన మరో పాట. అలాంటి లైను మెడ పైకి ఎక్కినప్పుడు ఇంటొనేషన్ తప్పిన బాసు గాయకుడిదే తప్పు అనిపించేలా చేస్తుంది. గాయకుడు అందుకు కృతజ్ఞుడై ఉండడు.

తీగ మార్చి: ప్రతివాది ఇక్కడ తప్పక లేస్తాడు. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకు బాసు వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాడు కదా అంటాడు. నిజమే. అయితే అవి ఫ్లాట్‌వౌండ్ తీగలు, పైన చదునైన రిబ్బన్ చుట్టినవి. వాటి పాతదనమే వాటి గొంతు. మనం వేసేవి సాధారణంగా రౌండ్‌వౌండ్, చుట్ల మధ్య సందుల్లో చెమటా, బిర్యానీ నూనే చేరి చప్పబడిపోతాయి. ఫ్లాట్‌వౌండ్‌కు మారినవాడికి పాత సినిమా పాటల మెత్తదనం వస్తుంది, ఏళ్ల తరబడి తీగల ఖర్చు తప్పుతుంది. చవక బాసును ఖరీదైనదిగా భ్రమింపజేయడంలో దీనికి మించిన ఉపాయం ఈ వ్యాఖ్యాతకు కనబడలేదు. డబ్బు బొత్తిగా లేనివారు రౌండ్‌వౌండ్లను విప్పి, నీళ్లలో పది నిమిషాలు మరిగించి, పూర్తిగా ఆరబెట్టి మళ్లీ వేస్తారు. జిడ్డు వదిలి కొన్నాళ్లు మెరుగ్గా మోగుతాయి. ఇంట్లో ఏ గిన్నె వాడాలన్నది ధర్మశాస్త్ర విషయం.

డబ్బాను కొనుమయ్య: మూడో పాదమే పద్యానికి ప్రాణం. బాసు పికప్ నుంచి వచ్చే సిగ్నల్ బలహీనమైనది, ఇంపీడెన్స్ ఎక్కువ. ఐదారు మీటర్ల కేబుల్ దాకా ఓర్చుకుంటుంది. మిక్సరు హాలు చివర, భోజనాల గుమ్మం పక్కన ఉంటుంది. అంత దూరం మామూలు గిటారు కేబుల్ లాగితే పై ధ్వనులు దారిలోనే పోతాయి, జనరేటరు గోల దారిలోనే ఎక్కుతుంది. డీఐ ఆ సిగ్నల్‌ను తక్కువ ఇంపీడెన్స్‌కు దించి, ఒకటి సూటిగా, ఒకటి తలకిందులుగా రెండు తీగల మీద పంపుతుంది. దారిలో ఎక్కిన గోల రెండింటి మీదా ఒకేలా ఉంటుంది. మిక్సరు రెండోదాన్ని మళ్లీ తిప్పి కలిపేసరికి గోల గోలను కొట్టేస్తుంది, బాసు మిగులుతుంది.

ఏ డబ్బా? ఇచట విరోధాభాసాలంకారం. బ్యాటరీ లేని ప్యాసివ్ బాసుకు యాక్టివ్ డబ్బా, బ్యాటరీ ఉన్న యాక్టివ్ బాసుకు ప్యాసివ్ డబ్బా. ప్యాసివ్ పికప్‌కు ఎదురుగా దాదాపు 10 లక్షల ఓంల ఇన్‌పుట్ ఉంటేనే గొంతు విప్పుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్యాసివ్ డబ్బాలు చాలావాటిలో అది లక్షన్నర ఓంల చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి మొద్దుబారుతుంది. యాక్టివ్ బాసుకు ఆ బెడద లేదు. యాక్టివ్ డబ్బాకు మిక్సరు నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వస్తే సరి, ఇవ్వని మిక్సరైతే బ్యాటరీ కావాలి. గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉన్నదే కొనాలి, హమ్మింగ్ వస్తే అది నొక్కాలి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకి హమ్మింగ్ తగ్గించే పాపకార్యం కొన్ని స్టేజీల మీద నేటికీ జరుగుతున్నది. ఒక చెయ్యి తీగ మీద, పెదవి మైకు మీద ఉన్నవాడికి అది ప్రాణాంతకం. సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా డబ్బా డబ్బాయే, అందులో అరిగే భాగాలు తక్కువ.

పెట్టె మోయవలదు: ఇది విధి కాదు, అనుజ్ఞ. అసలు ఆంపే వద్దని కాదు. డబ్బాకు లింక్ అనే రంధ్రం ఉంటుంది, అందులోంచి చిన్న ఆంపుకు కేబుల్ పెట్టుకుని, దాన్ని కుర్చీ మీద ఎత్తుగా, చెవికేసి వంచి పెట్టుకోవాలి. నేల మీద పెట్టిన ఆంపు మోకాళ్లకు వినిపిస్తుంది. వాట్ల వ్యామోహం గురించి ఒక్క మాట: వాట్లు రెట్టింపు చేస్తే 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది, చెవికి రెట్టింపు గట్టిగా వినబడాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. అందులోనూ అడుగు స్వరాలకు మన చెవి మందం. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపారు. ఆ మందాన్ని జయించే పని సౌండ్ సిస్టమ్ వారి పెద్ద స్పీకర్లకు వదిలేయడమే కవి హృదయం. ఆంపు తలా, స్పీకరు క్యాబినెట్టూ విడివిడిగా ఉన్నవారు ఆ రెంటి మధ్య గిటారు కేబుల్ పెట్టరాదు. జాకు ఒకటే అయినా లోపలి తీగ వేరు.

పెండ్లి కడకు: పాలరాయి నేల, అద్దాల గోడలు, తలమీద రేకు కప్పు. అడుగు స్వరాలు అక్కడ పోవు, తిరుగుతూనే ఉంటాయి. బాసు వినబడలేదని బాస్ మీట పెంచేవాడు గుంయ్ పెంచుతాడు, స్వరం మునుగుతుంది. అది తగ్గించి, మిడ్ పెంచాలి. 41 హెర్ట్జ్ బొత్తిగా పలకని చిన్న స్పీకరులో కూడా 82, 123 దగ్గరి ఉపస్వరాలు వినబడితే చాలు, అసలు స్వరాన్ని చెవి తనే పూరించుకుంటుంది. మర్నాడు పెళ్లివారు ఫోనులో వీడియో చూసుకునేటప్పుడు బాసు ఉన్నట్టు తెలిసేది అందువల్లే.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో మూడో పాదం "డాబును కొనుమయ్య" అని ఉన్నది. గణం చెడలేదు, తగణం పోయి భగణం వచ్చింది. యతి కూడా కుదిరింది. అయినా ఇది దుకాణదారుల ప్రక్షిప్తమని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం. "సరిచేయి" గ్రామ్యమని ఆక్షేపించేవారు ఉన్నారు. వారు వచ్చి మెడ తిన్నజేసి చూపితే ఆ ఆక్షేపణ పరిశీలిస్తాం.

అనుక్తాలు: కవి చెప్పక విడిచినవి కొన్ని ఉన్నవి. నాలుగు కిలోల గిటారును రెండు మూడు గంటలు మోసే భుజానికి వెడల్పాటి పట్టీ, క్లిప్ ట్యూనరు, ఇంకో కేబుల్. యాక్టివ్ బాసుకైతే 9 వోల్టుల బ్యాటరీ. జాకు గుచ్చి ఉన్నంతసేపూ, వాయించకపోయినా అది ఖర్చవుతూనే ఉంటుంది. సౌండ్ చెక్ చేసి, అలాగే వదిలేసి భోజనానికి వెళ్లేవారు గమనించాలి. పద్యంలో బ్యాటరీ లేదు. బాసులో కూడా లేదన్న సంగతి సాధారణంగా మూడో పాటలో తెలుస్తుంది.